గడియ బయట ఉన్న గది

మేడ మీది గది,
కిటికీ పక్కన

వదినగారికి,

మీ మరదలు బతికే ఉంది. కాకపోతే జుట్టులో సున్నం, చెవుల్లో సున్నం, టీ గ్లాసులో కూడా సున్నం. మీరూ మీ తమ్ముడూ చిన్నప్పుడు పడుకున్న ఈ మేడ గదిని మా ఉడత కోసం బాగుచేయిస్తున్నాను. ఉడత అంటే మీ మేనకోడలే. నాలుగేళ్ళు నిండాయి, ఇంట్లో అది ఎక్కని వస్తువంటూ లేదు. మొన్న బీరువా మీద కూర్చుని కిందికి దింపమని ఏడ్చింది, దింపితే మళ్ళీ ఎక్కిస్తావా లేదా అని ఏడ్చింది. అందుకే ఆ పేరు పెట్టాం.

గోడ గీకుతుంటే రంగు కింద రంగు బయటపడుతోంది. పైన వెలిసిపోయిన గులాబీ, దాని కింద తెలుపు, అడుగున నీలం. అత్తయ్య ఆ నీలమే మళ్ళీ వెయ్యమంటారు. నాకు పసుపు ఇష్టం. ఇక గదికి అసలు యజమానురాలు మాత్రం కప్ప రంగు కావాలంది. ఆవిడ మాటే నెగ్గేలా ఉంది. కిటికీ తెరిస్తే ఎదురుగా గోదాము వెనకగోడ తప్ప ఏమీ కనబడదు కాబట్టి, లోపలైనా కాస్త పచ్చగా ఉంటే మంచిదే అనుకుంటున్నాను.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది వదినా, దాచడమెందుకు! కళ్ళజోళ్ళ దుకాణంలో నా కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. గది పూర్తయితే పగలంతా పిల్ల అత్తయ్య దగ్గర ఉంటుంది, నేను మళ్ళీ అద్దాలు అరగదీసుకోవచ్చు. మీ తమ్ముడు లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతారో ఆ లారీకే తెలియాలి. నాలుగేళ్ళుగా నేను మాట్లాడిన మనుషుల్లో సగంమంది నా మోకాలి ఎత్తు కూడా లేరు. పిచ్చెక్కిపోతోంది.

ఒక సంగతి అడగాలి. ఈ గది తలుపుకి గడియ బయటి వైపు ఉందేమిటి? లోపల ఒక్క కొక్కెం కూడా లేదు. వడ్రంగి ఇంకో మాట చెప్పాడు. తలుపు కింది పలక మిగతా తలుపు కన్నా కొత్త చెక్కట. మీ తమ్ముణ్ణి అడిగితే పగలబడి నవ్వారు. "మా అక్క విరగ్గొట్టింది, అందుకే దాన్ని గునపం అనేవాళ్ళం" అన్నారు. ఆ ముచ్చటేదో మీరే పూర్తిగా రాయండి. ఉడతకి కథలు అయిపోయాయి.

మీ మరదలు

*

బస్సు డిపో,
కండక్టర్ల విశ్రాంతి గది

మరదలికి,

సున్నం తిన్నా సరే, ఉత్తరం మాత్రం దండిగా రాశావు. కప్ప రంగే వెయ్యి. నీలం వద్దు. నీలం చీకటిగా ఉంటుంది, అమ్మ ఎంత చెప్పినా వినకు.

ఇక్కడ నా పరిస్థితి మామూలే. నిన్న ఒకాయన చిల్లర లేదని దిగే చోటు దాటేసి మరీ వాదించాడు. నా గొంతు ముందు ఎవడు నిలబడతాడు? చివరికి డ్రైవరే బస్సాపి, "అమ్మా, ఆయన్ని వదిలెయ్, నాకు తలనొప్పి వస్తోంది" అన్నాడు.

ఆ గడియ అమ్మ గాలికి పెట్టించింది. ఆ మేడ మీద గాలికి తలుపు కొట్టుకుంటుంది. పలక సంగతి చెప్పుకోదగ్గ ముచ్చటేం కాదు, చిన్నపిల్లలు ఏవేవో విరగ్గొడతారు. ఉడతకి వేరే కథ చెప్పు.

మంచం తలుపుకి దూరంగా వేయించు. ఆ గడియ తీయించేసెయ్.

నీ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ ఉంటాను. గడియ సంగతి మర్చిపోకు.

వదిన

*

మేడ గది,
కొత్త మంచం మీద

వదినగారికి,

కొత్త మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఉడత దొర్లి పడ్డా దెబ్బ తగలకుండా బాగా పొట్టిగా చేయించాను. దీని మీద కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. గోడలు పచ్చగా వచ్చాయి. ఉడత తడి రంగు మీద అరచెయ్యి వేసి "ఇది నా గది" అని సంతకం చేసింది. వడ్రంగి దాని మీద మళ్ళీ రంగు వెయ్యబోతే ఒప్పుకోలేదు. అల్మరా తలుపులకి బొమ్మలు అతికించాను, పాత దుప్పటితో కిటికీకి తెర కుట్టాను. గోదాము గోడ ఇప్పుడు కనబడటం లేదు.

గడియ తీశాను. మరలన్నీ రంగుతో బిగుసుకుపోయాయి. చెయ్యి బొబ్బలెక్కింది, అయినా తీశాను. మర్నాడు మార్కెట్టుకి వెళ్ళొచ్చేసరికి అదే చోట తళతళలాడుతూ కొత్త గడియ ఉంది. అత్తయ్య వడ్రంగిని పిలిచి పెట్టించారట.

నేను మొహం ముడుచుకుంటే ఆవిడ కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ నెమ్మదిగా చెప్పారు. "మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి తల్లీ. దాని వెనకాల నేను పరిగెత్తలేను. పొయ్యి మీద ఏదో పెట్టడానికి కిందికి పోయానంటే ఈలోపు అది మెట్ల మీంచి దొర్లితే నీకు నేనేం సమాధానం చెప్పను? ఒక్క పది నిమిషాలు గడియ పెడితే ప్రాణం కుదుటపడుతుంది."

ఏం చెప్పమంటారు? ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఈ ఇంట్లో ఆవిడ కాకపోతే పిల్లని చూసేవాళ్ళు లేరు. దుకాణంలో వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు. ఆవిణ్ణి కాదంటే నేను ఇంట్లోనే ఉండాలి. ఊఁ అంటే, ఆ గడియ ఉంటుంది.

గాలికి అన్నారు మీరు. నేను ఈ గదిలో రెండు నెలలుగా పని చేయిస్తున్నాను, ఈ మేడ మీద దీపం కూడా కదలదు వదినా. మా పెళ్ళికి వచ్చి కూడా ఈ ఇంట్లో అడుగు పెట్టకుండా వెళ్ళిపోయారు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మీ మరదలు

*

బస్సు డిపో

మరదలికి,

ఉద్యోగంలో చేరకు.

పై మాట కొట్టేద్దామనుకున్నాను, కాగితం ఇదొక్కటే ఉంది. చేరు. నిన్ను ఇంట్లో కూర్చోమనడానికి నేనెవర్ని? నీ కుర్చీ నీకోసం ఉంచడమే గొప్ప.

అమ్మని ఏమీ అనకు. నా గురించి ఏమీ అడగకు. బస్సు కదులుతోంది.

వదిన

*

కళ్ళజోళ్ళ దుకాణం,
వెనక బల్ల

వదినగారికి,

చేరాను. మొదటి రోజు అద్దం అరగదీస్తుంటే ఆ గరగర శబ్దం కూడా హాయిగా అనిపించింది. ఎవరూ అమ్మా అని పిలవలేదు. ఆ మాట రాస్తున్నందుకు సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

నిన్న కరెంటు పోయి దుకాణం పెందరాళే కట్టేశారు. ఇంటికి వెళ్ళాను. కింద ఎవరూ లేరు. మెట్లెక్కితే, మేడ మీద తలుపుకి ఆనుకుని అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తలుపుకి గడియ పెట్టి ఉంది. తలుపు సందులోంచి లోపలికి కథ చెబుతున్నారు. పది నిమిషాలు కాదట వదినా. నేను వెళ్ళిన దగ్గర్నుంచి అలాగే కూర్చుంటున్నారట. వంటకి లేస్తారు, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంటారు. ఆవిడ కూడా రోజంతా ఆ తలుపు దగ్గరే బందీ.

తలుపు తీశాను. లోపల ఉడత ఉంది. బీరువా ఎక్కలేదు, అల్మరా ఎక్కలేదు. పొట్టి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. బొమ్మని చెప్పుల పెట్టెలో పడుకోబెట్టి మూత పెట్టింది. "బొమ్మ ఏం చేస్తోందే?" అని అడిగాను. "అల్లరి చెయ్యట్లేదు. మంచి బొమ్మ. వాళ్ళమ్మ వచ్చాక మూత తీస్తుంది" అంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. పిల్లని చంకనేసుకుని అత్తయ్యని నానా మాటలూ అన్నాను. ఆవిడ అన్నీ విన్నారు. చివరికి ఒకే మాట అన్నారు. "నా పిల్లలిద్దరూ ఈ గదిలోనే, ఇలాగే పెరిగారు. ఏమయింది వాళ్ళకి?"

నాకు జవాబు తెలియదు. మీకు తెలుసు. ఏమయింది వదినా? మీరు చెప్పకపోతే పై సోమవారం నేను మళ్ళీ దుకాణానికి వెళతాను, మళ్ళీ ఆ గడియ పడుతుంది. వారం రోజులు సెలవు పెట్టాను. అంతకు మించి ఇవ్వరు.

మీ మరదలు

*

మా ఇంటి అరుగు మీంచి

మరదలికి,

ఏమయింది అని అడిగావు. రాస్తున్నాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను, కాబట్టి రాత బాగాలేకపోయినా చదువుకో.

నాన్న పోయాక అమ్మ బట్టల మిల్లులో పొద్దుటి షిఫ్టుకి చేరింది. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి మీ ఉడత వయసు. కింద పొయ్యి ఉంది, వీధి ఉంది, బండ్లు తిరుగుతాయి. మమ్మల్ని చూసేవాళ్ళు లేరు. ఒక పళ్ళెంలో తిండి, చెంబుతో నీళ్ళు, మూల ఒక బకెట్ పెట్టేది. ఇద్దర్నీ ముద్దు పెట్టుకునేది. బయటికి వెళ్ళి గడియ పెట్టేది. ఆ చప్పుడు వినగానే తమ్ముడు నా చెయ్యి పట్టుకునేవాడు. అమ్మ చెడ్డది కాదు. ఆ మాట నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిస్తే భయం తగ్గుతుందా?

ఒకరోజు తమ్ముడికి ఆయాసం వచ్చింది. మొదట దగ్గు అనుకున్నాను. తర్వాత వాడి పెదాలు నల్లబడ్డాయి. కిటికీ దగ్గరికి పోయి అరిచాను. గోదాము వెనకగోడ ఎవరిని పిలుస్తుంది? తలుపు బాదాను. కింద ఇల్లు ఖాళీ. అప్పుడు మంచం ఇనప పట్టీ ఊడబెరికి కింది పలక పొడిచాను. ఎంతసేపు పొడిచానో తెలియదు. మనిషి పట్టేంత కన్నం పడింది. ముందు నేను దూరి, తర్వాత వాణ్ణి కాళ్ళు పట్టుకుని లాగాను. చెక్క గీరుకుని వాడి వీపు చీరుకుపోయింది. వాణ్ణి భుజాన వేసుకుని వీధి చివర డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. బతికాడు. మీ ఇంటాయన అయ్యాడు.

సాయంత్రం అమ్మ వాడి పక్కన కూర్చుని ఏడ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను అనుకున్నాను, ఇక ఆ తలుపు వెయ్యదని. మర్నాడు వడ్రంగి వచ్చి కొత్త పలక వేశాడు. ఆ మర్నాడు షిఫ్టు. ముద్దు పెట్టుకుంది, గడియ పెట్టింది, వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది?

ఆ రోజు నుంచి నేను అరవడం మానేశాను. మంచి పిల్లనయిపోయానని అందరూ అన్నారు. నువ్వు చెప్పుల పెట్టె సంగతి రాసినప్పుడు కాగితం పట్టుకుని ఈ అరుగు మీద కూర్చుండిపోయాను.

తమ్ముడికి అమ్మ ఆ సంగతి నవ్వులాటగా చెప్పింది. అక్క తలుపు విరగ్గొట్టిందిరా, గునపం అంది. వాడు నమ్మాడు. నేను కాదనలేదు. నిజం తెలిస్తే వాడికీ అమ్మ మీద కోపం వస్తుంది. ఆ ఇంట్లో నాకున్న కోపం చాలదా అనుకున్నాను.

నేను ఇప్పటికీ తలుపు వేసుకుని పడుకోలేను. స్నానాలగదికి కూడా గడియ పెట్టను, లోపల మనిషి ఉందని తెలియడానికి గట్టిగా పాట పాడతాను. పక్కింటివాళ్ళు నాకు సంగీతం పిచ్చి అనుకుంటారు. కండక్టరు ఉద్యోగం ఎందుకు పట్టుకున్నానో తెలుసా? తలుపు ఎప్పుడు తెరవాలో నేను చెబుతాను, బస్సు ఆగుతుంది.

ఇదీ జరిగింది. ఉడతని ఆ గదిలోంచి తీసెయ్. ఎలాగో నాకు తెలియదు.

వదిన

*

మేడ గది,
తలుపు దగ్గర నేల మీద

వదినగారికి,

మీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. మీరు వద్దంటారని తెలుసు, తిట్టండి. ఆయన చొక్కా విప్పి అద్దానికి వీపు తిప్పి చూసుకున్నారు. వీపు మీది ఆ మచ్చ మెట్ల మీంచి పడ్డప్పటిదని నాకు ఎన్నోసార్లు చెప్పారు. తర్వాత అత్తయ్య దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు, అడగలేక తిరిగొచ్చారు. పొద్దున్నే సరుకు ఎక్కించాలి, వెళ్ళిపోయారు. దగ్గరి ఊళ్ళకి తిప్పే బండి అడుగుతానన్నారు. ఎప్పటికి ఇస్తారో!

ఈలోపు నేనే ఒక ఉపాయం చేశాను. గడియని బయటి నుంచి పీకించి లోపలి వైపు, ఉడతకి అందనంత ఎత్తులో పెట్టించాను. ఇప్పుడు అత్తయ్య కూడా గదిలోనే ఉంటారు. లోపల గడియ పెట్టుకుంటే పిల్ల మెట్ల వైపు పోదు, ఒంటరిగానూ ఉండదు. వంట నేను పొద్దున్నే చేసి పెడతాను. అత్తయ్య సరేనన్నారు. మీ ఉత్తరం గురించి ఆవిడకి చెప్పలేదు. రేపటి నుంచి మళ్ళీ పనికి.

తెలివైనదాన్నే కదా?

మీ మరదలు

*

కింది గది,
అత్తయ్య మంచం పక్కన

వదినగారికి,

మీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. ముందే చెబుతున్నాను, భయపడకండి.

నేను వెళ్ళగానే అత్తయ్య లోపల గడియ పెట్టి, ఉడత పక్కన ఆ పొట్టి మంచం మీద కూర్చున్నారు. కూర్చున్నాక లేవలేకపోయారు. మంచం మరీ పొట్టి, ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. లేవబోయి నేల మీదికి జారారు. ఇక అంతే. గడియ ఉడతకి అందదు, ఆవిడ నిలబడలేరు. పిల్ల అల్మరా ఎక్కి గడియ తీస్తానంటే పడుతుందేమోనని చెయ్యి వదల్లేదట. నీళ్ళ చెంబు కింద మర్చిపోయారు. కిటికీలోంచి ఇద్దరూ అరిచారు. ఆ గోడ సంగతి మీకు నేను చెప్పాలా!

నేను సాయంత్రం వచ్చేసరికి ఉడత గొంతు బొంగురుపోయింది. నేను బయట నిలబడి తలుపు గుంజుతున్నాను, లోపలి నుంచి అత్తయ్య "తియ్యవే, తియ్యవే" అంటున్నారు. వడ్రంగి కోసం పరిగెత్తాను. అతను బందుల మేకులు పీకి తలుపుకి తలుపే ఎత్తి పక్కన పెట్టాడు.

అత్తయ్యని ఇద్దరం పట్టుకుని కిందికి దింపాం. మంచినీళ్ళు ఇస్తే ముందు ఉడతకి పట్టించారు. తర్వాత మీ ఉత్తరం తీసుకొచ్చి, చదవమంటారా అని అడిగాను. చదవమన్నారు. పలక దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకున్నారు, కానీ ఆపమనలేదు.

తర్వాత ఆవిడే చెప్పారు. "పిల్ల మంచం నా గదిలో వెయ్యి. కింద మెట్లు లేవు కదా. వంటింటికి ఒక చిన్న అడ్డు తలుపు పెట్టిస్తే చాలు." ఇంత చిన్న మాట మనకెవరికీ తట్టలేదేమిటి వదినా? పిల్లల గది అంటే మేడ గదే అని ఎవరో ఎప్పుడో అనుకున్నారు, అంతే. నా రంగులన్నీ దండగయ్యాయి. ఉడత మాత్రం కప్ప రంగు కిందికి రాలేదని నిన్నంతా ఏడ్చింది, ఈవేళ అత్తయ్య మంచం ఎక్కి దూకుతోంది.

ఈ ఉత్తరం కింద ఆవిడ స్వయంగా రాస్తానన్నారు. కాగితం వదులుతున్నాను.

మీ మరదలు

*పెద్దదానా, నాకు ఒక్క సంగతి చెప్పు. ఆ గదిలో గడియారం లేదు. కిటికీలోంచి ఎండ కూడా కనబడదు. ఎంతసేపయిందో, కోడలు వచ్చే వేళయిందో కాలేదో నాకు తెలియలేదు. ఆ రోజుల్లో నేను వచ్చే వేళయిందని నీకు ఎలా తెలిసేది? మిల్లు కూత వినపడేదా? — అమ్మ*

*

మా ఇంటి అరుగు మీంచి

అమ్మకి,

కూత వినపడేది కాదు. మిల్లు చాలా దూరం.

నువ్వు వచ్చే వేళ నాకు ఎప్పుడూ తెలిసేది కాదమ్మా. ఈ రోజు ఇక రావు అని ప్రతిరోజూ అనుకునేదాన్ని. తమ్ముడు అడిగితే మాత్రం, ఇదిగో వచ్చేస్తోంది, మెట్ల దగ్గర ఉంది అని చెప్పేదాన్ని. వాడు పడుకున్నాక నువ్వు లేకుండా వాణ్ణి ఎలా పెంచాలా అని ఆలోచించేదాన్ని. అలా రోజూ నిన్ను పోగొట్టుకునేదాన్ని.

నువ్వు ప్రతిరోజూ వచ్చావు. ఒక్క రోజు కూడా తప్పలేదు. అది కూడా నాకు తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్ళు నీ దగ్గరికి రాలేకపోయాను.

నన్ను ఈ మాట ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూశాను. నువ్వే అడిగావు.

డిపోలో సెలవు అడిగాను. మరదలికి చెప్పు. కింది గదిలోకి వస్తాను, నీ పక్కన కూర్చుంటాను, ఉడతని ఎత్తుకుంటాను. మేడ మీదికి మాత్రం నన్ను రమ్మనకు.

నీ పెద్దది